జేజి అంటే దేవుడు కాదు

జయనగర్, బెంగళూరు

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. మీ అనాథ పిల్లల హోమ్‌లో ఉన్న ఐదేళ్ల పిల్ల దత్తతకి ఇటలీ వెళ్తోంది, తెలుగు మర్చిపోతుందా అన్నావు. మర్చిపోతుంది. పంతొమ్మిదేళ్లు ఈ ఊళ్లోనే అలాంటి హోమ్‌లో పనిచేశాను. వెళ్లిన కొత్తలో ఫోన్లో గలగలా మాట్లాడిన పిల్లలు ఆర్నెల్లకి ‘అక్కా’ అని ఆగిపోయేవాళ్లు. ఏడాది తిరిగేసరికి అదీ ఉండేది కాదు. తీసుకెళ్లిన అమ్మానాన్నల్ని తిట్టుకోకు. అక్కడ నీళ్లు అడగాలన్నా కొత్త భాషే కావాలి కదా.

మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య కొరియా నుంచి ఫ్రాన్స్‌కి దత్తు వెళ్లినవాళ్లకి, పెద్దయ్యాక కొరియన్ వాక్యాలు వినిపించి మెదడు స్కాన్ చేశారు. ఆ ఫలితాలు 2003లో వచ్చాయి. ఆ భాష ఎన్నడూ నేర్వని ఫ్రెంచివాళ్లకీ వీళ్లకీ తేడా కనపడలేదు. ఎనిమిదేళ్లంటే మూడో తరగతి పిల్ల, ఎంత మాటకారిగా ఉంటుందో నీకు తెలుసు.

అయితే అంతా పోదు. అడుగున శబ్దం మిగులుతుంది. ఏడాది వయసు అటూ ఇటూగా చైనా నుంచి కెనడాలోని మాంట్రియల్‌కి దత్తు వెళ్లి, ఫ్రెంచి తప్ప ఇంకోటి రాని పిల్లలకి చైనీస్ స్వరాలు వినిపిస్తే, వాళ్ల మెదడు ఆ భాష వచ్చినవాళ్ల మెదడులాగే పనిచేసిందని 2014లో తేలింది. మన దేశం నుంచి అమెరికాకి దత్తు వెళ్లిన పిల్లల్నీ పరీక్షించారు. మన త, ట తేడా మొదట వాళ్లకీ వినపడలేదు. కాస్త సాధన చేయించాక వినపడింది. అక్కడే పుట్టిన పిల్లలకి మాత్రం అదే సాధన చేయించినా పట్టుబడలేదు.

కాబట్టి రేపెప్పుడో ఈ పిల్ల తెలుగు నేర్చుకోవాలనుకుంటే, ఒట్టి చేతులతో మొదలుపెట్టదు. కానీ నేర్చుకోవాల్సింది తెలుగు అని ఆమెకి ఎవరు చెప్పాలి? నీ ఫైలే చెప్పాలి.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఒక పిల్ల మేస్త్రీ పనికి వచ్చినవాళ్ల గుడిసెల దగ్గర దొరికింది. తెలుగులో కన్నడ ముక్కలు కలిపి, వద్దు అనడానికి ‘నాకు బేడ’ అనేది. బెంగళూరు కదా, క్లర్కు మాతృభాష దగ్గర కన్నడ అని రాసేశారు. ఆఫీసు కాగితమే కదా, ఎందుకులే అని నేను దిద్దలేదు. రాత్రిళ్లు ‘జేజి కావాల’ అని ఏడ్చేది. నేను గుంటూరుదాన్ని, మా వైపు చిన్నపిల్లలకి జేజి అంటే దేవుడు. ‘దేవుడంటే భక్తి’ అని ఫైల్లో రాశాను! తర్వాతెప్పుడో కడప ఆయా ఒకామె చెప్పింది, వాళ్ల సీమలో జేజి అంటే నాయనమ్మ అని. అప్పటికి పిల్ల స్వీడన్ వెళ్లి నాలుగేళ్లయింది. పెద్దయ్యాక వెతుక్కుంటూ వచ్చింది. ఏడాదిపాటు కష్టపడి కన్నడ నేర్చుకుని మరీ వచ్చింది. నేనేం చెప్పను?

అందుకే పిల్ల అన్న మాట అన్నట్టే రాయి. దిద్దకు, అర్థం నువ్వు చెప్పకు. సరూ బ్రియర్లీ సంగతి చూడు. 1986లో ఐదేళ్ల వయసులో రైల్లో నిద్రపోయి కలకత్తాలో తేలాడు, 1987లో ఆస్ట్రేలియాకి దత్తు వెళ్లాడు. వాళ్ల పేట మధ్యప్రదేశ్ ఖండ్వాలోని గణేశ్ తలై. అతను చెప్పింది ‘గినెస్ట్‌లే’. అలాంటి ఊరు ఏ మ్యాపులోనూ లేదు. ఉపగ్రహ చిత్రాలు జల్లెడ పట్టి 2012లో ఇల్లు చేరితే, అమ్మతో మాట్లాడటానికి దుబాసీ కావాల్సి వచ్చింది.

దత్తతకి ముందు పిల్ల గురించి రాసే చైల్డ్ స్టడీ రిపోర్ట్ ఇంగ్లిష్‌లో ఉంటుంది. దానికి తోడు ఒక కాగితం తెలుగు అక్షరాల్లో రాసి పెట్టు. ఇంగ్లిష్‌లో రాస్తే త, ట రెండూ ఒకటైపోవచ్చు. అన్నాన్ని ఏమంటోంది, బర్రె అంటోందా ఎనుము అంటోందా, నాన్ననా నాయననా, ఎవరెవర్ని ఏమని పిలుస్తోంది, ఇవన్నీ. వీటిని బట్టి తెలిసినవాళ్లు జిల్లా పట్టేస్తారు.

సూపరింటెండెంట్‌ని అడిగి గొంతు కూడా రికార్డు చెయ్యి. రైమ్స్ పాడించకు, అది మనం నేర్పిన గొంతు. సంగటి ఎలా కెలుకుతారో చెప్పమను. ఒక కాపీ ఫైల్లోకి, ఒకటి కొత్త అమ్మానాన్నలకి. నీ ఫోన్లో మాత్రం ఉంచుకోకు.

ఆ అమ్మానాన్నలకి ఆకలి, నొప్పి, భయం, ఉచ్చ లాంటి పది తెలుగు మాటలు నేర్పి పంపు. మొదటి నెల గడవడానికి అవి చాలు. పిల్ల దగ్గర మాత్రం ‘తెలుగు మర్చిపోకు’ అని ఒట్టు వేయించుకోకు. మర్చిపోయినప్పుడు అది తన తప్పనుకుంటుంది.

రేపు వెళ్లగానే ఆ ఫైలు తీసి, మాతృభాష దగ్గర ఏముందో చూసి నాకు ఫోన్ చెయ్యి. నాలుగు తర్వాతైతే ఇంట్లోనే ఉంటాను.

మీ పెద్దమ్మ