పేపర్లు చదివి రాసే డిసర్టేషన్ కూడా రీసెర్చేనా?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నాగపూర్‌లో బీఎస్సీ నర్సింగ్ చేసి, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో పనిచేస్తున్నాను. పార్ట్‌టైమ్‌గా చేస్తున్న అడ్వాన్స్‌డ్ క్లినికల్ ప్రాక్టీస్ ఎమ్మెస్సీ చివరి ఏడాదికి వచ్చింది. పేషెంట్లను ఇంటర్వ్యూ చేయడం కుదరదు, అచ్చయిన పరిశోధనల మీదే డిసర్టేషన్ (డిగ్రీ చివర రాసే పెద్ద వ్యాసం) రాయాలని యూనివర్సిటీ చెప్పింది. ఫోన్‌లో ఈ మాట చెప్తే మా బాపు "ఒకరు రాసింది చదివి రాసుడు రీసెర్చ్ ఎట్లయితది బిడ్డా" అన్నాడు. నాకూ అదే అనుమానం. టాపిక్ తేలలేదు. నైట్ డ్యూటీల మధ్య ఇంగ్లీషులో అంత రాయగలనా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లె, ముందు మీ బాపు మాట తీసుకుందాం. ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. మన జిల్లాలో రీసెర్చ్ అంటే గుర్తొచ్చేది డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులే. 1986 నుంచి గడ్చిరోలిలో ఉండి, ఊళ్ల మహిళలకే శిక్షణ ఇచ్చి, పసిబిడ్డలకు ఇంటి దగ్గరే వైద్యం అందేలా చేశారు. 39 ఊళ్లలో ఆ పద్ధతి పెట్టి, పెట్టని 47 ఊళ్లతో పోల్చితే, మూడో ఏడాదికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో అది లాన్సెట్ పత్రికలో వచ్చింది. అంత కష్టం కళ్ల ముందు ఉన్నవాళ్లకు, కంప్యూటర్ ముందు కూర్చుని చేసేది రీసెర్చ్‌లా కనిపించకపోవడం సహజం.

అయితే ఆ తర్వాతి కథ కూడా బాపుకు చెప్పు. ఒక్క జిల్లాలో ఫలితం వచ్చిందని ప్రపంచం పద్ధతి మార్చుకోదు. భారత్‌తో పాటు బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లలో జరిగిన అధ్యయనాలనూ పక్కపక్కన పెట్టి చూశాకే, 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి బాలింత ఇంటికి వెళ్లి బిడ్డను చూడాలని చెప్పాయి. 2011లో మన ప్రభుత్వం ఆ పనిని ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఈరోజు సిరోంచలో ఆశా వచ్చి పసిబిడ్డను తూకం వేస్తోందంటే, ఊళ్లు తిరిగినవాళ్ల కష్టంతో పాటు ఆ పేపర్లన్నీ ముందేసుకుని, దేన్ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చినవాళ్ల కష్టమూ అందులో ఉంది. నువ్వు నేర్చుకోబోయేది ఆ రెండో పని.

ఇక టాపిక్. నీ చేతులకు ఇప్పటికే తెలిసినదాంట్లోంచి తీసుకో. నన్నడిగితే సికిల్ సెల్ అంటాను, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి తీవ్రమైన నొప్పి తెచ్చే, పుట్టుకతో వచ్చే జబ్బు. మనవైపు గోండు, మాడియా ఇళ్లలో ఈ జబ్బు కొత్త కాదు. మోకాళ్లు పట్టుకుని ముడుచుకుని పడుకున్న పిల్లల్ని నువ్వూ చూసే ఉంటావు. అదే జబ్బుతో, ఆఫ్రికన్, కరీబియన్ మూలాలున్నవాళ్లు ఎక్కువగా, నీ ఎమర్జెన్సీకి వస్తారు. ట్రయాజ్‌లో, అంటే ఎవరిని ముందు చూడాలో తేల్చే చోట, నొప్పి పదికి పది అంటారు, చేతిలో ఫోన్ చూసుకుంటూ ఉంటారు. ఇంత నొప్పి ఉన్నవాడు ఫోన్ ఎలా చూస్తాడని పక్కన ఎవరో అంటారు. చిన్నప్పటి నుంచీ ఆ నొప్పితో బతికినవాళ్లు ఏడవకుండా ఓర్చుకోవడం నేర్చుకుంటారని తెలిసినవాళ్లు ఆ మాట అనరు. ఇలాంటి నొప్పితో ఆసుపత్రికి వచ్చినవాళ్లకు 30 నిమిషాల్లోపు నొప్పి మందు ఇవ్వాలని వైద్యం ఎలా చేయాలో సూచించే అక్కడి నైస్ సంస్థ 2012లోనే మార్గదర్శకం ఇచ్చింది. అయినా వాళ్ల మాట ఎవరూ వినడం లేదని 2021లో బ్రిటన్ పార్లమెంటు సభ్యుల బృందం నివేదిక రాయాల్సి వచ్చింది.

కానీ "సికిల్ సెల్" అన్నది ప్రశ్న కాదు. "సికిల్ సెల్ నొప్పి" కూడా కాదు. "సికిల్ సెల్ నొప్పితో ఎమర్జెన్సీకి వచ్చిన పెద్దవాళ్లు, అక్కడ తమకు అందిన వైద్యం గురించి ఏం చెప్తున్నారు?" ఇది ప్రశ్న. ఎవరు, ఎక్కడ, ఏం తెలుసుకోవాలి అన్న మూడూ ఇందులో ఉన్నాయి. పిల్లలు బయటకి పోయారు, వార్డు పోయింది, మందుల ట్రయల్స్ పోయాయి. మిగిలినవి ఎక్కువగా ఇంటర్వ్యూల మీద ఆధారపడిన పేపర్లు. ఎన్ని వదిలేశానా అని దిగులు పడకు, వదిలేసిన ప్రతిదానికీ కారణం రాస్తే చాలు.

అసలు పని వెతకడంలోనే ఉంది, నువ్వు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిందీ అక్కడే. నా పీజీ రోజుల్లో నేనూ ఇలాంటి థీసిసే రాశాను. ఎప్పుడు వీలైతే అప్పుడు, ఏ మాట తోస్తే ఆ మాటతో వెతికి, బాగున్నవి దాచుకుంటూ పోయాను. ఎగ్జామినర్ ఒక్కటే అడిగారు: "ఈ పద్నాలుగు పేపర్లే ఎందుకు?" నా దగ్గర జవాబు లేదు. మూడు వారాలు మళ్లీ మొదటి నుంచి వెతికాను. అప్పుడు చేతికొచ్చిన పేపర్లలో రెండు, నా థీసిస్‌లో తేల్చిన మాటనే మార్చేశాయి. ఆ భయం ఇంకా నాలో ఉంది కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఈరోజే ఒక నోట్‌బుక్ పెట్టుకో. పేజీకి అయిదు గళ్లు: తేదీ, డేటాబేస్ పేరు, టైపు చేసిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, ఎన్ని వచ్చాయి, ఎన్ని ఉంచుకున్నాను. డేటాబేస్ అంటే అచ్చయిన పేపర్లను ఆన్‌లైన్‌లో వెతికే చోటు: నర్సింగ్ పేపర్లకు సినాల్, వైద్యానికి మెడ్‌లైన్, వీటితో పాటు ఎంబేస్. పబ్‌మెడ్ అందరికీ ఉచితమే. ఒకే అర్థం ఉన్న మాటలను "ఆర్"తో కలుపు: ఎమర్జెన్సీ డిపార్ట్‌మెంట్ ఆర్ యాక్సిడెంట్ అండ్ ఎమర్జెన్సీ. వేర్వేరు విషయాలను "ఆండ్"తో కలుపు. డేటాబేస్ సొంతంగా వాడే సబ్జెక్ట్ హెడింగులు (ఒక్కో విషయానికి అది పెట్టుకున్న పేర్లు) కూడా చేర్చకపోతే మంచి పేపర్లు జారిపోతాయి. మీ యూనివర్సిటీ లైబ్రరీలో హెల్త్ విద్యార్థుల కోసం లైబ్రేరియన్ ఉంటారు. ఆయన దగ్గర ఒక గంట కూర్చో. మొహమాటపడి ఈ గంట పోగొట్టుకునేవాళ్లే మన పిల్లల్లో ఎక్కువ.

వచ్చినవాటిని ముందు పేరు చూసి, తర్వాత సారాంశం చూసి, చివరికి మొత్తం చదివి జల్లెడ పడతావు. ఏ దశలో ఎన్ని పోయాయో చూపించే బొమ్మకు ప్రిస్మా 2020 నమూనా ఉంది. నీ నోట్‌బుక్ సరిగా ఉంటే ఆ బొమ్మకు అరగంట చాలు. పార్లమెంటు బృందం నివేదికలాంటివి ఈ డేటాబేసుల్లో దొరకవు, వాటిని విడిగా వెతకాలి. ఫుల్ సిస్టమాటిక్ రివ్యూ అని మాత్రం పేరు పెట్టకు. దానికి కనీసం ఇద్దరు విడివిడిగా పేపర్లు ఎంచాలి, నువ్వు ఒక్కదానివే. పద్ధతి ప్రకారం చేసిన లిటరేచర్ రివ్యూ అని రాసి, ఒక్కరే ఎంచడం ఒక పరిమితి అని ఒప్పుకో.

మిగిలిన పేపర్ల నాణ్యత చూడటానికి కాస్ప్ చెక్‌లిస్టు వాడు. ఇంటర్వ్యూ పేపర్లకైతే అందులో పది ప్రశ్నలుంటాయి. టిక్కులు పెట్టి వదిలేయకుండా, ఇంటర్వ్యూ చేసింది ఎవరు, వైద్యం చేసినవాళ్లేనా అని అడుగు. వైద్యం చేసిన చేతికే ఫిర్యాదు చెప్పడానికి ఎవరైనా వెనకాడతారు కదా.

రాసేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది: మొదటి పేపర్ ఇలా అంది, రెండో పేపర్ అలా అంది అని వరుసగా చెప్పుకుంటూ పోవడం. అది జాబితా అవుతుంది. నాలుగు పేపర్లలో "నమ్మలేదు" అన్న మాట కనిపిస్తే, ఆ నాలుగింటినీ ఒక చోటికి తే. ఎవరు నమ్మలేదు, డాక్టరా, నర్సా? అయిదో పేపర్‌లో ఆ మాట ఎందుకు లేదు? ఆ చోట సికిల్ సెల్ నర్సు ఉందేమో చూడు. నీ సొంత ఆలోచన మొదలయ్యేది ఇక్కడే.

టైమ్ సంగతి. చాలా యూనివర్సిటీల్లో డిసర్టేషన్‌కు 60 క్రెడిట్లు, అంటే లెక్క ప్రకారం 600 గంటలు. 50 వారాలకు పంచితే వారానికి పన్నెండు. నైట్ డ్యూటీల వారం వదిలేసి, తర్వాతి వారం రెండు పూటలు ఎక్కువ పెట్టుకో. నైట్ దిగి వచ్చి చదివిన పేపర్ మళ్లీ చదవాల్సిందే, ఆ టైమ్‌లో నిద్రపో.

ఇంగ్లీషు గురించి. మూడో భాషలో రాస్తున్నావు, భయం అబద్ధమేం కాదు. ఒక్కో పేపర్ చదివాక దాన్ని మూసేసి, అందులో ఏముందో బాపుకు ఫోన్‌లో రెండు నిమిషాలు తెలుగులో చెప్పు. ఆయనకు అర్థమైతే నీకూ అర్థమైనట్టే. అప్పుడు ఇంగ్లీషులో రాయి. పేపర్ ముందు పెట్టుకుని రాస్తే దాని వాక్యాలే నీ చేతికి వస్తాయి, కాపీని పట్టే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌లో దొరికేది అలాగే. రిఫరెన్సులు దాచి, జాబితా చేసిపెట్టే జొటెరో సాఫ్ట్‌వేర్ ఉచితం, మొదటి పేపర్ నుంచే వాడు.

ముందు ముందు ఉద్యోగానికి, చదువుకు ఇలాంటి డిసర్టేషన్ అడ్డవుతుందా అంటే, కాదు. అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్‌కు అక్కడ చెప్పే నాలుగు స్తంభాల్లో రీసెర్చ్ ఒకటి, క్లినికల్, లీడర్‌షిప్, ఎడ్యుకేషన్ మిగతా మూడు. ఇంటర్వ్యూలో "మీ విభాగంలో ఏం మార్చారు" అని అడిగితే, ట్రయాజ్‌లో సికిల్ సెల్ పేషెంట్ల కోసం నువ్వు సూచించిన మార్పు చూపించగలగాలి. రేపు పీహెచ్‌డీకి వెళ్తే దానికీ మొదటి మెట్టు రివ్యూనే. పేషెంట్లను కలవకపోయినా కొన్ని యూనివర్సిటీలు ఎథిక్స్ (పరిశోధన నైతికత) ఫారం అడుగుతాయి, ముందే కనుక్కో.

ఈ వారం సూపర్‌వైజర్‌కు ఒక్క పేజీ పంపు. పైన నీ ప్రశ్న, కింద ఏ పేపర్లు ఉంచుతావు, ఏవి తీసేస్తావు, నోట్‌బుక్‌లో మొదటి వెతుకులాట ఫలితం. అందులో వేలల్లో వస్తే ప్రశ్న ఇంకా పెద్దదిగా ఉన్నట్టు, రెండు మూడే వస్తే మరీ బిగించినట్టు. ఆ అంకె చూశాక నాకు మళ్లీ రాయి, ప్రశ్నను కలిసి సరిచేద్దాం.