పార్టీ పదవి ఉన్నవాళ్లు కాంట్రాక్టు సంస్థ పెడితే నిర్ణయాలు ఎక్కడ తప్పుతాయి?

మండల స్థాయిలో పార్టీ పదవి ఉంది, తమ్ముడితో కలిసి సివిల్ పనుల కంపెనీ పెడుతున్నాం, రాజకీయం కలిసొస్తుందా అని అడిగారు. పని రావడానికి కలిసొస్తుంది. డబ్బు రావడానికి అంతగా కాదు. మొదట్లో తీసుకునే తప్పుడు నిర్ణయాల్లో చాలావాటికి మూలం ఈ తేడా చూడకపోవడమే.

బిల్లు మనవాళ్లు చేయిస్తారన్న ధీమాతో టెండరు బాగా లెస్‌కి, అంటే అంచనా రేటు కంటే చాలా తక్కువకి వేస్తారు, బయట అప్పు తెచ్చి పని లాగుతారు. ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) రాసి, బిల్లు సీఎఫ్‌ఎంఎస్‌లో (ఆంధ్ర ప్రభుత్వం బిల్లులు చెల్లించే ఆన్‌లైన్ వ్యవస్థ) ఎక్కినా ఖాతాలో డబ్బు పడినట్టు కాదు. 2019లో ఆంధ్రలో ప్రభుత్వం మారాక అమరావతి పనులు ఆగిపోయాయి. ఉపాధి హామీ మెటీరియల్ బిల్లుల కోసం చిన్న చిన్న కాంట్రాక్టర్లు హైకోర్టుకెక్కాల్సి వచ్చింది. 50 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే, బిల్లు ఏడాది ఆగినప్పుడు వడ్డీయే 12 లక్షలు. సిమెంటు రోడ్డు పనిలో అంత మిగలదు. అందుకే రేటు లెక్క పదవి లేని తమ్ముడు వేయాలి, మీరు దాన్ని మార్చకూడదు. ఏడాది బిల్లు రాకపోయినా జీతాలూ డీలరు బాకీలూ కట్టగలిగినంత పనే పట్టండి. సగం పనైనా ప్రైవేటుది ఉంటే మంచిది.

నాయకుడు చెప్పాడని మీ లైసెన్సు మీద వేరేవాళ్లతో పని చేయించకండి. రోడ్డు పగిలితే డిఫెక్ట్ లయబిలిటీ, అంటే దాన్ని బాగుచేసే బాధ్యత మీదే, జీఎస్టీ నోటీసు వచ్చినా మీకే వస్తుంది.

చందాల సంగతి ఇంకా జాగ్రత్త. కంపెనీల చట్టం సెక్షన్ 182 ప్రకారం మూడు ఆర్థిక సంవత్సరాలు నిండని కంపెనీ పార్టీకి విరాళం ఇవ్వకూడదు. పార్టీ సావనీర్‌లో (ప్రత్యేక సంచికలో) ప్రకటన ఇచ్చినా చందా కిందికే వస్తుంది. తప్పితే ఇచ్చిన మొత్తానికి ఐదు రెట్ల దాకా జరిమానా, బాధ్యులకు ఆరు నెలల వరకు జైలు. మూడేళ్లు దాటాక కూడా బోర్డు తీర్మానం కావాలి. పరిమితి గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం, 2017లో తీసేసిన ఈ పరిమితి 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో తిరిగొచ్చింది. ఇవ్వక తప్పదనుకుంటే మీ సొంత ఖాతా నుంచి ఇవ్వండి, కంపెనీ పుస్తకాల్లోకి రానివ్వకండి.

రేపు ఎమ్మెల్యేగా పోటీ చేసే ఆలోచన ఉంటే రాష్ట్ర ప్రభుత్వ పనులేవీ మీ సొంత పేరున తీసుకోకండి. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 9ఏ కింద నడుస్తున్న కాంట్రాక్టు అనర్హతకు దారి తీస్తుంది. పని పూర్తిగా ముగిసి బిల్లు మాత్రమే రావాల్సి ఉంటే ఆ ఇబ్బంది లేదు. కాబట్టి నామినేషన్‌కు ముందే పని పూర్తయినట్టు సర్టిఫికెట్ తీసి ఫైల్లో పెట్టుకోండి.