ఓవర్‌క్లాక్ ఆలోచన మానండి, ముందు ఈఎఫ్ఎస్ దాచుకోండి

"నేను కొత్తవాడిని. పాత ఫోను నెమ్మదించింది, రూట్ చేసి ఓవర్‌క్లాక్ చేయాలనుంది. ప్రమాదం లేకుండా ఎలా?" అని అడిగారు. రూట్ చేయడం, అంటే ఫోను సాఫ్ట్‌వేర్ మీద పూర్తి అధికారం తెచ్చుకోవడం, నేర్చుకోండి, మంచి విద్య. ఓవర్‌క్లాక్, అంటే చిప్పును కంపెనీ పెట్టిన హద్దుకన్నా ఎక్కువ వేగంతో నడపడం, దాని జోలికి మాత్రం వెళ్లకండి. నాకు జరిగింది చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది.

2018 మే నెల, కాకినాడలో మా ఇంజనీరింగ్ హాస్టల్. పరీక్షలు అయిపోయి సగం గదులకు తాళాలు పడ్డాయి. నా ఫోనులో స్నాప్‌డ్రాగన్ 625 చిప్పు, ఎనిమిది కోర్లు, గరిష్ఠ వేగం 2.0 గిగాహెర్ట్జ్. దాని తర్వాత వచ్చిన 626 అనే చిప్పు 2.2 వేగంతో అమ్ముడయింది. రెండూ ఒకే వంశం కదా, నాదీ తట్టుకుంటుందని కస్టమ్ కెర్నల్ (చిప్పును నడిపే మూల ప్రోగ్రాముకు బయటివాళ్లు మార్చి చేసిన రూపం) వేసి 2.2కి పెంచాను. సాయంత్రం దాకా బాగానే నడిచింది. తర్వాత ఛార్జింగ్ పెట్టి, ఫోనును దిండుకు ఆనించి ఆట మొదలుపెట్టాను. ఫ్యాను వేడిగాలి కొడుతోంది. కాసేపటికి ఫోను వెనుక మూత మీద వేలు నిలవలేదు. బ్యాటరీ ఉష్ణోగ్రత 47 డిగ్రీలు. తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. ఫోను ఆగింది, లోగో వచ్చింది, మళ్లీ ఆగింది, మళ్లీ లోగో.

పాత బూట్ ఇమేజ్ (కెర్నల్ ఉండే, ఫోను లేవడానికి వాడే ఫైలు) తిరిగి వేస్తే రెండు నిమిషాల్లో తేలిపోయే పని అది. నేను కంగారుపడి, చేతికి దొరికిన ఫర్మ్‌వేర్ (ఫోను సొంత సాఫ్ట్‌వేర్) జిప్ ఎక్కించాను. పేరు దాదాపు ఒకటే, మోడల్ వేరు. ఫోను లేచింది. ఫోటోలు, పాటలు అన్నీ ఉన్నాయి, సిగ్నల్ గీతలు మాత్రం లేవు. *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఫోను గుర్తింపు నంబరు, రావలసిన చోట సున్నా కనిపించింది.

అమ్మ రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోను చేస్తుంది. అప్పటికి ఎనిమిదీ నలభై. పక్క గది సీనియర్ అన్న వచ్చి ఫోను చూసి ఒకే మాట అడిగాడు: "ఒరేయ్, ఆ రోజు నాతో ఈఎఫ్ఎస్ దాచిపెట్టావు కదా, ఆ ఫైళ్లు ఎక్కడ?" ఈఎఫ్ఎస్ అంటే ఐఎంఈఐ, నెట్‌వర్క్ వివరాలు ఉండే ఫోను భాగం. రూట్ చేసిన రోజున ఆయనే పక్కన కూర్చుని, నేను విసుక్కుంటున్నా వినకుండా, ఆ బ్యాకప్‌ను మెమరీ కార్డులో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి పెట్టించాడు. ముందు నా మోడల్‌కు సరైన ఫర్మ్‌వేర్ వేసి, తర్వాత ఆ బ్యాకప్ తిరిగి ఎక్కించాడు. తొమ్మిదీ ఇరవై అయిదుకు ఒక గీత, ఆ వెంటనే నాలుగు గీతలు. మరుక్షణం ఫోను మోగింది. "ఎక్కడున్నావురా, ఇందాకటి నుంచి కలవడం లేదు, అన్నం తిన్నావా?" అని అమ్మ. ఆ ఫైళ్లు లేకపోతే ఆ ఫోను ఇక ఫోను కాదు, ఆటబొమ్మ.

ఇంతా చేసి నాకు దక్కేది ఎంత? వేగంలో పదో వంతు. చిప్పు తాగే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే వర్గం లెక్కన పెరుగుతుంది. వేగం పది శాతం, దానికోసం వోల్టేజీ పది శాతం పెంచితే వేడి మూడో వంతు ఎక్కువవుతుంది. ఫోనులో ఫ్యాను లేదు. వేడి హద్దు దాటగానే చిప్పే తన వేగాన్ని తగ్గించుకుంటుంది. మన ఎండలకు ఓవర్‌క్లాక్ పనికిరాదని నేను గట్టిగా నమ్ముతాను, ఎవరు ఎన్ని బెంచ్‌మార్క్ అంకెలు చూపించినా సరే.

"ఒక్క క్లిక్కుతో రూట్" అని వీడియోలు పెట్టేవాళ్ల మీద నాకు చాలా కోపం. సగంసేపు సంగీతం, సబ్‌స్క్రైబ్ చేయమని వేడుకోలు, చివర్లో ఎవరు తయారుచేశారో తెలియని ఒక యాప్ లింకు. రూట్‌కు ముందు బూట్‌లోడర్ (ఫోను ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాము) తాళం తీయాలి, అలా అన్‌లాక్ చేస్తే ఫోనులోని డేటా అంతా చెరిగిపోతుందన్న ఒక్క ముక్క మాత్రం చెప్పరు. పెళ్లి ఫోటోలు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

కాబట్టి మీరు ముందు డేటా అంతా కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి, తర్వాతే అన్‌లాక్. బూట్ ఇమేజ్‌ను మార్చి (ప్యాచ్ చేసి) రూట్ ఇచ్చే యాప్ మ్యాజిస్క్, దాన్ని దాని సొంత గిట్‌హబ్ పేజీ నుంచి తప్ప ఇంకెక్కడా దించుకోవద్దు. బూట్ ఇమేజ్ మీ ఫోనులో ఇప్పుడున్న బిల్డ్ నంబరుదే (సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు) కావాలి, ఒక్క అంకె తేడా ఉన్నా వద్దు. ఆండ్రాయిడ్ 13తో బయటికి వచ్చిన ఫోన్లలో చాలావాటికి బూట్ బదులు ఇనిట్ బూట్ ఇమేజ్ కావాలి. ప్యాచ్ చేసిన బూట్ ఇమేజ్‌ను వెంటనే ఫ్లాష్ చేయకుండా (శాశ్వతంగా ఎక్కించకుండా), మీ ఫోను ఒప్పుకుంటే కంప్యూటర్ నుంచి ఇచ్చే ఫాస్ట్‌బూట్ బూట్ ఆదేశంతో ఒకసారి లేపి చూడండి. తేడా వస్తే రీస్టార్ట్ చేయగానే పాతదే ఉంటుంది. రూట్ దొరికిన వెంటనే ఈఎఫ్ఎస్ బ్యాకప్ తీసి రెండు చోట్ల పెట్టండి. మార్పులు చేసిన ఫోనులో బూట్‌లోడర్‌ను మళ్లీ లాక్ చేయవద్దు, అసలే లేవకుండా పోవచ్చు. బ్యాంకు యాప్‌లు, యూపీఐ రూట్ చేసిన ఫోనులో మొండికేస్తాయి, అందుకని ఓటీపీలు వచ్చే ఫోను మీద ప్రయోగం చేయకండి.

నెమ్మదించడానికి కారణం చాలాసార్లు చిప్పు కాదు, నిండిపోయిన స్టోరేజీ. నాలుగో వంతు ఖాళీ చేసి ఒక వారం చూడండి. నా పాత ఫోను ఇప్పుడు ఊళ్లో నాన్న దగ్గర ఉంది. రూట్ అలాగే ఉంచి, వేగం 1.4కి తగ్గించి ఇచ్చాను. పొలం గట్టు మీద వార్తలు, పాటలు వింటారు, చేతికి వెచ్చగా కూడా తగలదు.

మీ ఫోను మోడల్, బిల్డ్ నంబరు కింద రాయండి. ఏ ఇమేజ్ దించుకోవాలో చూసి చెబుతాను.