ఆడిట్ ఆఫీసులో ఏఐ వాడుతున్నామని క్లయింటుకు చెప్పాలా?

జూనియర్లు క్లయింట్ల కాగితాలను చాట్‌జీపీటీలో పెట్టి పని చేయించుకోవడం తప్పా, పొరపాటు వస్తే పూచీ ఎవరిది, ఆదా అయిన సమయానికి ఫీజు తీసుకోవచ్చా అని అడిగారు. బెంగళూరు మారతహళ్లిలో సీఏ ప్రాక్టీసు చేస్తున్నాను కాబట్టి నాకు ఎదురైనదే చెబుతాను.

పూచీ సంగతి చిన్నది. సంతకం ఎవరిదో పూచీ వారిదే. 2019 నుంచి మనం ఇచ్చే సర్టిఫికెట్లకూ ఆడిట్ రిపోర్టులకూ యూడీఐఎన్ (ఒక్కో పత్రానికి వచ్చే విడి గుర్తింపు సంఖ్య) తీసుకుంటున్నాం. అది సంతకం పెట్టిన సభ్యుడి పేరు మీదే పుడుతుంది.

తక్కిన రెండింటికీ ఒక నోటీసు కథ చెప్పాలి. మా క్లయింటు ఒకరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ హార్డ్‌వేర్ వ్యాపారం చేస్తున్నారు. సొంత రాకపోకలకు కొన్న కారు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకున్నందుకు ఆయనకు జీఎస్టీ నోటీసు వచ్చింది. జవాబు రాయమంటే, మామూలుగా రెండు రోజులు తీసుకునే మా ఆర్టికల్ కుర్రాడు (మా దగ్గర శిక్షణలో ఉన్న సీఏ విద్యార్థి) ఆ సాయంత్రమే చక్కటి ముసాయిదా తెచ్చాడు. అందులో ఒక హైకోర్టు తీర్పు, పార్టీల పేర్లు, సంవత్సరం, జర్నల్ సంపుటి, పేజీ సంఖ్యతో సహా ఉంది. డ్రైవరుతో కలిపి 13 మందికి మించని వాహనాలకు, కొన్ని మినహాయింపులు తప్ప, జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) క్రెడిట్ ఇవ్వదు. ఆ తీర్పేమో అచ్చం మా క్లయింటు కోసమే చెప్పినట్టు ఉంది. అక్కడే అనుమానం వచ్చింది. సంపుటి తీస్తే ఆ పేజీలో ఏదో పాత ఎక్సైజ్ వివాదం ఉంది. అడిగితే, చాట్‌జీపీటీతో రాయించానని కుర్రాడు దాచకుండా చెప్పాడు. “పేజీ నంబరు కూడా ఇచ్చింది కదా సార్, ఉంటుందనుకున్నాను” అన్నాడు.

అతణ్ణి గట్టిగా మందలించలేకపోయాను. 2024 డిసెంబరులో ఇదే బెంగళూరులో ఆదాయపు పన్ను అప్పీలేట్ ట్రైబ్యునల్ ఇచ్చిన ఒక ఉత్తర్వులోనే అసలు లేని తీర్పులు చోటు చేసుకున్నాయని, దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చిందని పత్రికల్లో చదివే ఉంటారు. ఆ క్రెడిట్‌ను వడ్డీతో తిరిగి కట్టేయమని క్లయింటుకు సలహా ఇచ్చాం.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మరొకటి. ఆ ముసాయిదా కోసం కుర్రాడు నోటీసునూ, కొనుగోళ్ల లెడ్జరునూ మొత్తంగా చాట్‌జీపీటీ ఉచిత ఖాతాలో పెట్టేశాడు. సరఫరాదారుల పేర్లు, జీఎస్టీ నంబర్లు, రేట్లు అన్నీ వెళ్లిపోయాయి. వృత్తిలో భాగంగా తెలిసిన సమాచారాన్ని క్లయింటు సమ్మతి లేకుండా బయటపెట్టడం 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. కంప్యూటరుకు ఇస్తే బయటపెట్టినట్టా అని వాదించేవారున్నారు గానీ, క్లయింటు ముఖం చూసి చెప్పడానికి జంకే పనిని సమ్మతితో చేశానని నేను అనుకోలేను.

కాబట్టి వెళ్లి చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే: “నేనే రేటుకు కొంటున్నానో పక్క షాపతనికి తెలుస్తుందా సార్?” అలా జరగదనే అనుకుంటున్నాను గానీ, ఆ సమాచారం ఎక్కడ, ఎంతకాలం ఉంటుందో నా చేతిలో లేదు కాబట్టి హామీ ఇవ్వలేనని చెప్పాను. కాసేపు ఊరుకుని, ఈసారి ముందే అడగమన్నారు. అప్పటి నుంచి ఎంగేజ్‌మెంట్ లెటరులో (పని ఒప్పుకునేటప్పుడు క్లయింటుతో రాసుకునే షరతుల పత్రం) దీనికొక పేరా చేర్చాం. ఒప్పుకోని వారి కాగితాలు ట్యాలీ, ఎక్సెల్ దాటి పోవు. ఒప్పుకున్నా పేర్లు, పాన్, జీఎస్టీ నంబర్లు తీసేసే పెడతాం. తీర్పు ఏదైనా మూలం ప్రింటు తీసి ఫైలులో పెట్టాకే నా టేబుల్ మీదికి రావాలి.

ఫీజు విషయంలో, గంటల లెక్కన బిల్లు వేసేవారు పట్టని గంటలు వేయకూడదు. పని మొత్తానికి ఇంతని ముందే ఒప్పుకుంటే, ఎంత త్వరగా ముగించారన్నది మీ నేర్పు. మా కారు క్లయింటుది గంటల లెక్క. ముసాయిదాకు పట్టిన అరగంట వేశాను; లేని తీర్పు కోసం సంపుటాలు తిరగేసిన గంటన్నర మాత్రం వేయలేదు.