నేర్పేవారికి కూలి ఎవరిస్తారు?

ప్రశ్న: పలాసలోని ఒక జీడిపప్పు కర్మాగారంలో పొట్టు తీసే విభాగానికి ఏడాదిగా సూపర్‌వైజరుగా ఉన్నాను. నా దగ్గర 18 మంది మహిళలు కిలోల లెక్కన కూలికి పనిచేస్తున్నారు. కొంతకాలంగా గుండు (విరగని పూర్తి పప్పు) తగ్గి బద్ద, ముక్క ఎక్కువవుతున్నాయి. మందలిస్తే రెండు రోజులు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. కొత్తగా చేరినవారు నెల తిరగకుండానే మానేస్తున్నారు. కూలి పెంచితే వారికి పనిమీద ఆసక్తి కలుగుతుందా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: మందలించే ముందు ఒకసారి బోర్మా (పొట్టు తీసే ముందు పప్పును వేడితో ఆరబెట్టే గది) దగ్గరికి వెళ్లి చూడండి. పప్పు సరిగా ఆరకపోతే పొట్టు అంటుకుపోయి, కత్తితో గీరినకొద్దీ బద్దలవుతుంది. మరీ ఎక్కువగా ఆరితే వేళ్ల మధ్యనే విరిగిపోతుంది. లోపం బోర్మాలో ఉన్నా మాట పడేది మాత్రం పొట్టు తీసే మనిషే. తనది కాని తప్పుకు పదిమందిలో మాట పడిన మనిషికి తన పనిమీద మనసు నిలవదు. కాబట్టి ఒక వారంపాటు ఏ వాయి పప్పులో గుండు ఎంత వచ్చింది, బద్ద ఎంత వచ్చింది ఒక పుస్తకంలో రాయండి, దాన్ని వారికీ చూపించండి. లోపం బోర్మాదని తేలితే, మీరు మందలించింది ఎందరి ముందో అందరి ముందే ఆ సంగతి ఒప్పుకోండి.

ఇక కూలి విషయం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి, జీతం చాలకపోతే అసంతృప్తి పుడుతుందనీ, ఉత్సాహం మాత్రం సాధించిన పని, గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల వల్ల కలుగుతుందనీ 1959లో ప్రకటించారు. అయితే వారంతా నెలజీతాల వారు. కిలోల కూలితో ఇల్లు నడిపే మనిషి విషయంలో ఈ మాటను అడ్డం పెట్టుకొని కూలి పెంపును దాటవేయడం అన్యాయమని నా అభిప్రాయం.

కొత్తవారు నిలవకపోవడానికి కారణం ఈ కిలోల లెక్కలోనే ఉందని నాకు అనిపిస్తున్నది. చేయి తిరిగేదాకా వారికి కూలి గిట్టదు. పక్కనున్న అనుభవజ్ఞురాలు నేర్పుదామనుకుంటే, నేర్పినంతసేపూ ఆమె కిలోలు తగ్గుతాయి. సొంత కూలి పోగొట్టుకొని ఇంకొకరికి పని నేర్పమని ఎవరిని అడగగలం? నేర్చుకునేవారికి మొదటి నెల రోజుకూలి, నేర్పే ఆమెకు ఆ గంటలకు తన సగటు సంపాదన ఇవ్వమని యజమానితో మాట్లాడండి. గుండుకూ బద్దకూ ధరలో ఉన్న తేడాను లెక్కగట్టి చూపితే ఆయన కాదనడం కష్టం.

ఆసక్తి ఉన్నవారికి గ్రేడింగు, అంటే పప్పును పరిమాణాన్ని బట్టి రకాలుగా వేరు చేయడం, కూడా నేర్పండి. 320 రకమంటే ఒక పౌనుకు, అనగా సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండ్లు తూగాలి. 180 రకంలో అంతే బరువుకు 180కి మించకూడదు. రెండు రకాలనూ పక్కపక్కనే పోసి, వారి చేతనే తూయించి లెక్కపెట్టించండి. రోజూ తమ చేతుల మీదుగా పోయే పప్పుకు ధర ఎలా కుదురుతుందో ఎవరూ చెప్పకపోవడం వల్ల, ఏళ్ల తరబడి పనిచేసినా ఆ సంగతి తెలియనివారు ఉంటారు. గ్రేడింగు నేర్చుకునే రోజుల్లోనూ వారి కూలి తగ్గకుండా చూడండి.