పాత బడి గోడలకు సిమెంటు పూయించే ముందు

వందేళ్లు దాటిన బడి భవనం ముందు గోడ పెచ్చులూడుతోందని, పైనంతా సిమెంటు పూసి నీరు పట్టని రంగు వేస్తే సరిపోతుందని కాంట్రాక్టరు అంటున్నాడని, ఒప్పుకోవచ్చా అని మీరు అడిగారు. దయచేసి ఒప్పుకోకండి. నేను చదువుకున్న బడికి సరిగ్గా అదే పని చేయించిన పూర్వ విద్యార్థుల బృందంలో నేనూ ఉన్నాను. ఆరేళ్ల తర్వాత ఆ పనినంతా విప్పించి మళ్లీ చేయించినప్పుడు కూడా ఉన్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొదటిసారి పని పూర్తయిన రోజు గోడ కొత్తదానిలా మెరిసింది. రెండో ఏడాది వానలకు మోకాలి ఎత్తులో తడి మచ్చలు కనిపించాయి. ఆ తర్వాత రంగు బొబ్బలెక్కింది, దాని కింద తెల్లటి ఉప్పు పూత పూసింది. చివరికి పాత కట్టడాల మీద అనుభవమున్న ఒక తాపీ మేస్త్రీని పిలిపించాం. ఆయన ఇటుకల సందులో నింపిన సిమెంటు వెనక్కి ఉలి పోనిచ్చి మెల్లగా ఎత్తారు. సిమెంటు పట్టీ జానెడు పొడవున విరగకుండా ఊడి వచ్చింది. దాని రెండు అంచులకూ ఇటుకల పైపొర పలకలుగా అంటుకొని ఉంది. లోపల మిగిలిన ఇటుకను బొటనవేలితో రుద్దితే ఎర్రటి పొడి రాలింది. సిమెంటు ఏమాత్రం చెడలేదు, వందేళ్లు నిలిచిన ఇటుక చెడిపోయింది.

కారణం ఇది. పాత ఇటుక మెత్తనిది, నీటిని పీల్చుకొని వదులుతుంది. దాన్ని కట్టిన సున్నపు గచ్చు, అంటే ఇటుకల సందుల్లో నింపే సున్నం, ఇసుకల ముద్ద, ఇంకా మెత్తనిది. గోడలోకి చేరిన తడి ఆ సందుల గుండానే బయటికి ఆరిపోతుంది, ఉప్పు కూడా అక్కడే పేరుకుంటుంది. పాడైతే సందులోని గచ్చు పాడవుతుంది, దాన్ని మార్చుకోవచ్చు. గట్టి సిమెంటుతో ఆ దారి మూసేస్తే తడి ఇటుక ముఖం మీదికి మళ్లుతుంది. నీరు ఆరేచోట ఉప్పు స్ఫటికాలుగా గట్టిపడి ఇటుక పొరను లోపలి నుంచి నెడుతుంది. నీరు పట్టని రంగు పైనుంచి వేస్తే ఆ మిగిలిన దారి కూడా మూసుకుపోతుంది. ఇప్పుడు మనం వాడే మామూలు సిమెంటైన పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు పేటెంటు వచ్చింది 1824లోనే అయినా అది అన్నిచోట్లా వాడుకలోకి రావడానికి చాలా కాలం పట్టింది. మీ భవనం వయసును బట్టి అది సున్నంతో కట్టినదే అయ్యే అవకాశం ఎక్కువ. మేకుతో సందును గీకి చూడండి, సులభంగా పొడి రాలితే చాలావరకు సున్నమే.

అయితే గచ్చు సంగతి రెండో మాట. మొదటి మాట నీరు. జోరు వానలో గొడుగు వేసుకొని గంటసేపు భవనం చుట్టూ తిరగండి. పైకప్పు నీరు ఎటు పోతోంది, ఏ గొట్టం పగిలి గోడ మీద కారుతోంది, ఏ చూరు కింద గోడ తడుస్తోంది, పునాది దగ్గర ఎక్కడ నిలుస్తోంది, అన్నీ ఆ గంటలోనే తెలుస్తాయి. ఏ నివేదికా మాకు అంత నేర్పలేదు. మా బడిలో ఒక వాన గొట్టం వంపు దగ్గర పగిలి ఏళ్ల తరబడి గోడలోకి నీరు పోస్తోంది. దానికి తోడు ఎప్పుడో గోడను ఆనించి వేసిన కాంక్రీటు నడకదారి వల్ల నేల ఎత్తు పెరిగింది. గొట్టం మార్చి, గోడ పక్కన కాంక్రీటు తీసేసి గులకరాళ్లు పోశాం. గోడ ఆరడానికి నెలలు పట్టింది. అది ఆరేదాకా పైపని మొదలుపెట్టకుండా ఆగడమే మేము తీసుకున్న మంచి నిర్ణయం.

శుభ్రం చేయడానికి ఇసుక విసిరే యంత్రాన్నీ ఆమ్లాన్నీ గోడ దగ్గరికి రానివ్వకండి. బట్టీలో కాలినప్పుడు ఇటుక మీద గట్టిపడిన పొరే దానికి కవచం, అది ఒక్కసారి పోతే తిరిగి రాదు. మెత్తటి బ్రష్షు, తక్కువ ఒత్తిడితో నీరు చాలు. పగుళ్లలో మొలిచిన రావి, మర్రి మొక్కలను లాగకండి, వేరుతో పాటు ఇటుకలూ వస్తాయి. మొదలు నరికి, వేరు చచ్చాక తీయండి.

సందుల్లోని పాత గచ్చును చేతి ఉలితోనే తీయించాలి. గ్రైండరు చేతిలో ఉంటే ఇటుక అంచు కోసుకుపోతుంది. సందు వెడల్పుకు రెండు, రెండున్నర రెట్ల లోతు తీసి, తడిపి, కొత్త గచ్చు నింపాలి. మేము ఒక పాలు నానబెట్టిన సున్నానికి మూడు పాళ్ల ఇసుక కలిపాం. పాత గచ్చు ముక్కను పలుచటి ఆమ్లంలో వేస్తే సున్నం కరిగి ఇసుక మిగులుతుంది. ఆ ఇసుక రంగు, గరుకుదనం చూసి కొత్తది ఎంచుకున్నాం. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. అందుకే గోనె సంచులు తడిపి కప్పి, ఎండ తగలకుండా రోజుల తరబడి కాపాడాలి. తొందరపడే కాంట్రాక్టరుతో ఈ పని సాగదు. తడి సున్నం కళ్లలో పడితే చూపుకే ప్రమాదం కాబట్టి కూలీలకు కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. గార ఉన్నచోట ఉలి వెనుకభాగంతో తట్టండి. డొల్లగా మోగినంత మేరే తీయండి, గట్టిగా ఉన్న గారను కొట్టేయనక్కర్లేదు. పైన సున్నపు వెల్ల వేస్తే గోడ ఊపిరి పీల్చుకుంటుంది.

ఇది బడి కాబట్టి మరో విషయం. పాత కిటికీలు, తలుపుల రంగుల్లో సీసం ఉండవచ్చు. పిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది, సురక్షితమైన మోతాదంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ముందు పరీక్ష చేయించండి. ఉంటే పొడిగా గీకడం, మంటతో కాల్చడం వద్దు. తడిపి తీయించి, ఆ పనిని సెలవుల్లోనే ముగించి, దుమ్మునంతా తడిగుడ్డతో తుడిపించాకే తరగతులు తెరవండి. భవనం రక్షిత కట్టడాల జాబితాలో ఉంటే పరంజా కట్టకముందే అనుమతి తీసుకోవాలి. అన్ని గోడలనూ ఫోటోలు తీసి పెట్టుకోండి, తర్వాత చాలా వాదాలు వాటితోనే తీరతాయి.

మా బడి వెనుక గోడ మీద, పిల్లల భుజాల ఎత్తులో, మేకులతో చెక్కిన పేర్లున్న ఇటుకల వరస ఒకటి ఉంది. చెడిపోయినవాటితో పాటు దాన్నీ మార్చేద్దామని ఒకరు, చెక్కి నునుపు చేద్దామని మరొకరు అన్నారు. మేస్త్రీ ఒక్కో ఇటుకనూ తట్టి చూసి, పదిలంగానే ఉన్నాయన్నారు. వాటి చుట్టూ ఉన్న సందులను మాత్రం తానే కూర్చుని నింపారు. ఒక అక్షరం మీద కూడా గచ్చు అంటలేదు. ఇలాంటివి మీ గోడ మీద ఎక్కడున్నాయో పని మొదలవ్వకముందే సుద్దముక్కతో చుట్టూ గీసి కూలీలకు చూపించండి.

ఒప్పందం రాసుకునేముందు, కనిపించని ఒక మూల చదరపు మీటరు మేర నమూనా పని చేయించండి. దాన్ని ఒక వానాకాలం, ఒక ఎండాకాలం వదిలేయండి. మేము మూడు మిశ్రమాలు పక్కపక్కన వేయించాం. మొదటిది పగిలింది, రెండోది పాత గోడ పక్కన మరీ తెల్లగా కనిపించింది. మూడోదే ఇప్పుడు భవనమంతా ఉంది.