కిప్ రాలేదని బడి మాన్పిస్తారా?

ప్రశ్న: మా పాపకు 11 ఏళ్లు, ఆరో తరగతి. మూడేళ్లుగా జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది. వాల్ట్ (పరుగెత్తుకొచ్చి బల్ల మీదుగా గాల్లోకి ఎగిరి దూకడం) బాగా చేస్తుంది. అన్‌ఈవెన్ బార్స్ (ఒకటి కిందా ఒకటి పైనా ఉండే రెండు కడ్డీలు) దగ్గరే వెనకబడింది. తోటి పిల్లలందరికీ కిప్ (బార్‌కు వేలాడుతూ ఊగి, నడుము బార్‌కు ఆనేలా చేతుల మీద పైకి లేవడం) వచ్చేసింది, తనకు రాలేదు. రోజూ వీడియో తీసి రాత్రి తప్పులు చూపిస్తున్నాను, ఇంట్లో బార్ కూడా బిగించాను. వేరే నగరంలో హాస్టల్ ఉన్న అకాడమీలో చేర్చి, చదువు ఓపెన్ స్కూల్‌కు మార్చాలా? ఇక్కడే ఉంచాలా? ఏది మేలో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: పోల్చి చెబుతాను. కానీ మీకు నిద్ర పట్టనివ్వనిది అకాడమీ కాదు, పక్క పిల్లకు వచ్చింది మన పిల్లకు రాలేదన్న బెంగ. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఈత, చదరంగం, టెన్నిస్ అంటూ ఆట పేరు మారుతుందంతే.

కిప్ ఆలస్యమైతే పాపలో సత్తా లేదని కాదు. కింది బార్ పట్టుకుని ముందుకు జారాలి, ఒళ్లు పూర్తిగా చాచాలి, పాదాలను బార్ దాకా తేవాలి. అప్పుడు మోచేతులు వంచకుండా బార్‌ను కాళ్ల మీదుగా నడుము దాకా లాక్కోవాలి. పైజమా పైకి లాక్కున్నట్టు అని కోచ్‌లు చెబుతారు. ఎంత బలం ఉన్నా అదను తప్పితే ఒళ్లు పైకి లేవదు. పాదాలు బార్‌ను చేరకముందే లాగేయడం పిల్లల్లో తరచూ కనిపించే పొరపాటు. మీ పాప ఎక్కడ తడబడుతోందో కోచ్‌నే అడగండి. బార్‌కు వేలాడుతూ కాళ్లు తిన్నగా ఎత్తడం రోజూ చేయిస్తున్నారో లేదో కనుక్కోండి. పైగా ఇది పొడుగయ్యే వయసు. కాళ్లు సాగితే నిన్న కుదిరిన అదను ఇవాళ కుదరదు, మళ్లీ వెతుక్కోవాలి. అరచేతి చర్మం చిట్లడం మామూలే. మణికట్టు నొప్పిని మాత్రం ఓర్చుకోమనకండి, ఎదిగే ఎముక, డాక్టరుకు చూపించండి.

ఇక మీ సంగతి. ఆ వీడియోలు ఆపండి. సాయంత్రమంతా కోచ్ చెప్పిన తప్పులే రాత్రి అన్నం ముందు మళ్లీ వినాలా ఆ పిల్ల? కింద మ్యాట్, పక్కన పట్టుకునే మనిషి లేని బార్ ఇంట్లో ఎందుకు? విప్పేయండి.

హాస్టల్, శిక్షణ, ఓపెన్ స్కూల్ అన్నీ ఒకే ఫీజులో అనే పద్ధతి ఇప్పుడు ఫ్యాషన్. నాకు దాని మీద నమ్మకం తక్కువ. ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్ చెల్లుతుంది, దానితో పేచీ లేదు. కానీ అలసిపోయి వచ్చిన పదకొండేళ్ల పిల్లను పుస్తకం ముందు కూర్చోబెట్టేదెవరు? గాయమై ఏడాది ఆట ఆగితే ఏ తరగతిలోకి తిరిగి వస్తుంది? బ్రోచర్లో ఫొటో చూసి డబ్బు కట్టకండి. 170, 250 సెంటీమీటర్ల ఎత్తు బార్లు నిజంగా ఉన్నాయా, పడినా దెబ్బ తగలకుండా ఫోమ్ నింపిన గుంట ఉందా, ఒక్కో కోచ్ ఎంతమందిని చూస్తున్నారు, అమ్మాయిల హాస్టల్లో రాత్రి ఎవరుంటారు – ముందుగా చెప్పకుండా వెళ్లి ఇవన్నీ కళ్లారా చూడండి. స్పోర్ట్స్ కోటా సీటు కోసమైతే ఆ ఆశ మీద ఇంత పందెం కాయకండి. మన రాష్ట్రాల్లో ఇంజినీరింగ్‌లో అది 0.5 శాతం, అన్ని ఆటలవాళ్లూ అందులోనే సర్దుకోవాలి.

వాల్ట్ బాగా చేస్తుందని ఒక్క ముక్కలో రాసి దాటేశారు. 2016 రియో ఒలింపిక్స్‌లో దీపా కర్మాకర్ నాలుగో స్థానం, 2018 మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి కాంస్యం వాల్ట్‌లో వచ్చినవే. అన్నింటి మార్కులూ కలిపే ఆల్‌రౌండ్ పోటీకి నాలుగు విభాగాలూ కావాలి కాబట్టి బార్లు వదలొద్దు. కానీ సీనియర్ అంతర్జాతీయ పోటీలకు 16 ఏళ్లు నిండే సంవత్సరం రావాలి, ఇంకా ఐదేళ్లుంది.

పోలిక అడిగారు గనుక నా ఓటు ఇక్కడికే. పదో తరగతి దాకా ఈ బడి, ఈ కోచ్. అప్పటికి జాతీయ స్థాయి పోటీల్లో నిలదొక్కుకుంటే అకాడమీ సంగతి మాట్లాడదాం. రేపు కోచింగూ, జడ్జింగూ, ఫిజియోథెరపీ ఏది ఎంచుకున్నా చదువు కావాల్సిందే.

ఇంత పొడుగు ఉత్తరంలో పాపకు ఏం ఇష్టమో ఒక్క వాక్యం లేదు. అడిగి రాయండి.